చలికాలం సైకిల్ మీద పాదాలు తడవకుండా, కొంకర్లు పోకుండా

కోనసీమలో చలికాలం అంటే చలి తక్కువ, తడి ఎక్కువ. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో 16, 17 డిగ్రీలకు దిగితేనే మనం దుప్పటి ముసుగు తియ్యం. కానీ నిజానికి ఆ మాత్రం చలి పొడిగా ఉన్న పాదాన్ని ఏమీ చెయ్యదు. అదే పాదం తడిసిందంటే మాత్రం ఏటిగట్టు మీద పది కిలోమీటర్లు తొక్కేసరికి వేళ్ళు ఉన్నాయో లేదో తెలియదు. అందుకని ముందు తడి సంగతి చూసుకోవాలి, వెచ్చదనం సంగతి తర్వాత. చాలామంది ఈ వరస తిరగేస్తారు. దొరికినవాటిలో మందపాటి సాక్సులు రెండు జతలు తొడిగి, ఆ లావుకి పట్టని పాదాన్ని బూటులో కుక్కి బయల్దేరతారు. గంట తిరక్కుండానే చలి వేస్తోందంటారు.

నేను రావులపాలెం దగ్గర ఒక పల్లెలో ఉంటాను. ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుని. డ్యూటీకి ముందు లావు టైర్ల గేర్ సైకిల్ మీద గౌతమి ఏటిగట్టు, లంక దారులు, పంటకాలవ గట్లు తిరుగుతాను. చలికాలం సెలవుల్లో మా బృందంతో కలిసి మారేడుమిల్లి వైపు కొండలెక్కుతాను. షుగర్ ఉన్నవాళ్ళ పాదాల పుళ్ళకి కట్లు కట్టడం నా పనిలో పెద్ద భాగం. అందుకే పాదం అంటే నాకు పట్టింపు ఎక్కువ. దాన్ని పాడు చేసుకోవడం ఎంత తేలికో, బాగు చేసుకోవడం ఎంత కష్టమో రోజూ చూస్తున్నదాన్ని.

తడికీ చలికీ ఉన్న లంకె ముందు అర్థమైతే మిగతావి వాటంతటవే తోస్తాయి. సాక్సు మనల్ని వెచ్చగా ఉంచేది దారాల మధ్య చిక్కుకున్న గాలితో. తడిస్తే ఆ గాలి ఉండే చోట నీళ్ళు చేరతాయి. నీళ్ళు గాలి కన్నా సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తాయి. అంతటితో అయిపోదు. సైకిల్ కదులుతుంటే ఎదురుగాలి తగిలి ఆ తడి ఆరడం మొదలవుతుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 క్యాలరీల వేడి కావాలి, అది మన పాదం లోంచే పోతుంది. వేసవిలో కూజాలో నీళ్ళు చల్లబడేది సరిగ్గా ఇలాగే. దానికి తోడు ఒంటికి చలి తగిలితే శరీరం ముందు గుండె, ఊపిరితిత్తులు, మెదడు చూసుకుంటుంది. చేతులకీ కాళ్ళకీ వెళ్ళే సన్నటి రక్తనాళాలని బిగించేస్తుంది. నడిచేటప్పుడైతే పాదం ప్రతి అడుగుకీ వంగుతుంది, రక్తం ఆడుతుంది. పెడల్ మీద మాత్రం పిక్క పని చేస్తుంది గానీ అరికాలు పలకలా అలాగే ఉండిపోతుంది.

ఈ తడి ఎటునుంచి వస్తుంది? మన దారుల్లో మొదటిది గడ్డి. గట్టు మీద గరిక, తుంగ మోకాలిదాకా పెరిగి ఉంటాయి, తెల్లారేసరికి మంచు పట్టి ఒక్కో పరక నీళ్ళతో బరువెక్కి ఉంటుంది. వాన చినుకు లేకపోయినా అర కిలోమీటరు తొక్కితే పిక్కలు తడిసి, ఆ నీళ్ళు కిందికి జారి సాక్సు అంచు పీల్చుకుంటుంది. అక్కణ్ణుంచి బూటులోకి. బూటు ఎంత ఖరీదైనదైనా, వాటర్‌ప్రూఫ్ అని రాసున్నదైనా, పైనుంచి దిగే నీళ్ళని ఆపలేదు. పైపెచ్చు అలాంటి బూటులోకి దిగిన నీళ్ళు మళ్ళీ బయటికి పోవు. దీనికి మందు బూటు మీద కాదు, పిక్క మీద పెట్టాలి. వాన ప్యాంటు వేసుకుంటే దాని అంచు బూటు మెడ బయటికి జారేలా ఉండాలి, ఎప్పుడూ సాక్సులోకి దోపకూడదు. ప్యాంటు అక్కర్లేని రోజుల్లో చీలమండ నుంచి పిక్క సగందాకా చుట్టుకునే తొడుగు చాలు.

అవి నేను కొనలేదు, కుట్టించుకున్నాను. మోటారుబండ్ల సీట్లు కుట్టేవాళ్ళు ప్రతి సెంటర్‌లోనూ ఉంటారు. ధాన్యం ఆరబోసే బరకం చిరిగిపోతే అందులో బాగున్న ముక్క కత్తిరించి ఇస్తే చాలు. ఒక పక్క అంచుకి వెల్‌క్రో పట్టీ, కింద అరికాలి వంపులోంచి పోయే లావు ఎలాస్టిక్ కుట్టమని చెప్పండి. వెల్‌క్రో కాలి బయటివైపుకి రావాలి, లోపలివైపు ఉంటే చైన్‌కీ, పెడల్‌ని పట్టి ఉండే కడ్డీకీ (క్రాంక్) రాసుకుంటుంది.

బూటు ముందు సగానికి కూడా అదే ముక్కతో ఒక టోపీ కుట్టించుకోవచ్చు. బూటుని పాత పేపరు మీద పెట్టి, ముందుభాగం గీత గీసి, చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు అదనంగా వదిలి కత్తిరించాలి. ఆ పేపరు ముక్కే దర్జీకి కొలత. అడుగు భాగం తెరిచే ఉంచాలి. పట్టు కోసం పెడల్ మీద ఉండే మేకులు ఆనే చోట గుడ్డ ఉంటే చిరుగుతుంది, పైగా జారుతుంది. ఎలాస్టిక్ పెడల్ ఆనే చోటుకి వెనక, వంపులోకి రావాలి. వెనకవైపు కూడా మూయొద్దు, లోపలి ఆవిరి పోవాలి కదా. వేళ్ళ మీద గాలి కొట్టకుండా ఆపడానికి ఈ చిన్న టోపీ చేసే పని, నా లెక్కలో, మందపాటి సాక్సు కన్నా ఎక్కువ.

రెండో దారి ముందు చక్రం. చక్రం లేపిన నీళ్ళు, బురద తిన్నగా వచ్చి పడేది పాదాల మీదే. వెనక మడ్‌గార్డ్ వీపుని కాపాడుతుంది, ముందుది కాళ్ళని. ఒక్కటే బిగించుకోవాల్సి వస్తే ముందుదే బిగించుకోండి. దాని కింది కొనకి పాత ట్యూబు ముక్క బోల్టుతో వేలాడదీస్తే ఇంకా మంచిది, నేలకి ఒక జానెడు పైదాకా. స్కూటర్లకి ఉండే రబ్బరు ముక్కలాంటిదే, ఏ సైకిల్ షాపతనైనా చిటికెలో చేసిస్తాడు.

ఇక్కడ మన నేల గురించి ఒక మాట చెప్పాలి. లంకల్లో ఇసుక కలిసిన ఒండ్రు, అది అంటుకున్నా రాలిపోతుంది. గట్టు దిగి చేల మధ్యకి వెళ్తే నల్లటి బంకమట్టి. సార్వా కోతలైపోయి దాళ్వా ఊడ్పులు మొదలయ్యే రోజుల్లో బోదెలు నిండుగా పారుతుంటాయి, దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్లు చక్రాలకి పట్టిన మట్టిని రోడ్డంతా గడ్డలు గడ్డలుగా రాల్చుకుంటూ పోతాయి. ఆ మట్టి మీదకి, టైరుకి మరీ దగ్గరగా ఉండే మడ్‌గార్డ్‌తో వెళ్తే టైరుకీ దానికీ మధ్య మట్టి ఇరుక్కుని చక్రం తిరగడమే మానేస్తుంది. అప్పుడు దిగాలి, బురదలో కాళ్ళు పెట్టాలి, పుల్లతో మట్టి తియ్యాలి. పాదాలు తడవకూడదని పెట్టుకున్న వస్తువే పాదాల్ని బురదలో దించుతుంది. అందుకని టైరుకి కనీసం రెండు వేళ్ళు ఎడం ఉండేలా పైకి బిగించే రకం తీసుకోండి. ఊడ్పుల రోజుల్లో చేలగట్లు వదిలేసి ఏటిగట్టు రోడ్డు మీదే తొక్కండి. వేళ మార్చుకునే వీలున్నవాళ్ళు ఎనిమిదిన్నర, తొమ్మిది తర్వాత బయల్దేరితే గడ్డి మీద మంచు చాలావరకు ఆరిపోయి ఉంటుంది. నాకు డ్యూటీ వల్ల ఆ వీలు లేదు, అందుకే ఇన్ని కుట్లు.

మూడోది మన చెమట. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, కొండెక్కే రోజున ఇదే అసలు శత్రువు. అరికాళ్ళలో చెమట గ్రంథులు చాలా దట్టంగా ఉంటాయి. బయటి నీళ్ళు రాకుండా బూటుని ఎంత గట్టిగా మూస్తే లోపలి చెమట అంత నిలుస్తుంది. కాబట్టి పూర్తిగా మూసేసిన బూటు కోసం ఆరాటపడొద్దు. ముందు మూసి, వెనక గాలి ఆడే బూటు మన వాతావరణానికి సరిపోతుంది. వేసవి బూట్లకి వేళ్ళ మీద జాలీ ఉంటుంది. దాని మీద లోపలివైపు నుంచి కరెంటు వైర్లకి చుట్టే టేపు అంటిస్తే చలికాలం గడిచిపోతుంది, ఎండలు రాగానే పీకేయొచ్చు. పెడల్‌కి కాలు తగిలించే క్లీట్ బూట్లు వాడేవాళ్ళు అడుగున బోల్టు కన్నాలు చూసుకోండి. ఇన్‌సోల్ (బూటు లోపల పరిచే అట్ట) ఎత్తి చూస్తే అక్కడ వెలుతురు కనిపిస్తుంది, నీళ్ళు అక్కణ్ణుంచే ఎక్కుతాయి. లోపల మందపాటి టేపు రెండు పొరలు వేసి మళ్ళీ ఇన్‌సోల్ పరిస్తే నీళ్ళూ ఆగుతాయి, ఆ ఇనప ముక్క చల్లదనం అరికాలికి తగలడమూ తగ్గుతుంది. బంకమట్టి దారుల్లో అయితే క్లీట్లు నేను అసలు వాడను. మట్టి నిండితే అవి పట్టవు, పట్టినవి వదలవు. మేకులున్న వెడల్పాటి పెడళ్ళే నయం, దిగి నడవాలన్నా సుఖం.

సాక్సుల విషయంలో ఒక్కటే నియమం, నూలువి వద్దు. నూలు సాక్సు చెమటని తాగి, తాగిన చోటే ఉంచుకుంటుంది. నిజమైన ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చినా చర్మానికి తడి తెలియనివ్వదు, వెచ్చదనం పూర్తిగా పోనివ్వదు. మెరినో ఉన్ని అని అడిగితే ఆన్‌లైన్‌లో, డెకత్లాన్ లాంటి షాపుల్లో దొరుకుతాయి. చలికాలం ఊళ్ళలో రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్మేవాళ్ళ దగ్గరా సాక్సులు ఉంటాయి, కానీ ఉన్ని అని చెప్పేవాటిలో చాలా వరకు ఆక్రిలిక్కే. కనుక్కోవడం తేలికే. కొన్నాక లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించండి. ఉన్నయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. ఆక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. ఆక్రిలిక్ అయినా పారేయక్కర్లేదు, నూలు కన్నా తొందరగా ఆరుతుంది. బూటు కొనేటప్పుడు ఈ సాక్సు తొడుక్కునే కొలత చూసుకోండి. లోపల వేళ్ళు పైకీ కిందికీ ఆడాలి. బిగుతు బూటులో రెండు జతలు వేస్తే గాలికి చోటుండదు, రక్తానికీ దారుండదు. అంతకన్నా వదులు బూటులో ఒక్క జత మేలు.

నూనె గురించి అడుగుతుంటారు. మా వైపు ఊడ్పులకి దిగే ఆడవాళ్ళలో కొందరు కాళ్ళకి నూనె రాసుకుని దిగుతారు. అది మంచి పద్ధతే. చర్మం నీళ్ళలో నానిపోవడం కొంత ఆలస్యమవుతుంది. కానీ నూనె వెచ్చదనం ఇవ్వదు. మడమలకీ పాదం పైభాగానికీ పలచగా రాస్తే చాలు. అరికాలికి రాస్తే సాక్సులో జారుతుంది, వేళ్ళ సందుల్లో రాస్తే తేమ అక్కడే నిలుస్తుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి, వంటింట్లో సీసా తెల్లగా గడ్డకట్టి కనిపించిన రోజున నేను పిక్కల తొడుగులతో పాటు రెండో జత సాక్సులు కూడా సంచిలో వేసుకుంటాను.

ఆ రెండో జత విలువ కొండల్లో తెలుస్తుంది. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరేసరికి మన చలి వేరు, అక్కడి చలి వేరు. జనవరిలో రాత్రిళ్ళు 10 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది. గుడిస లాంటి గడ్డి కొండ మీద పొద్దున్నే గాలి కూడా గట్టిగా కొడుతుంది. (అక్కడికి వెళ్ళేముందు అటవీశాఖ అనుమతి సంగతి కనుక్కోండి.) ఎక్కేటప్పుడు ఎవరికీ చలి వెయ్యదు, చెమటలు కారతాయి. అసలు సంగతి దిగేటప్పుడే. కాళ్ళు తొక్కవు, ఒంట్లో వేడి పుట్టదు, వేగం పెరిగి గాలి రెట్టింపవుతుంది, లోపల సాక్సు తడిసి ఉంటుంది. కాబట్టి పైకి చేరగానే ఫొటోలకన్నా ముందు బూట్లు విప్పండి. తువ్వాలుతో వేళ్ళ సందులు కూడా తుడుచుకుని, జిప్ కవరులో దాచిన పొడి సాక్సులు తొడిగి, వేళ్ళ టోపీలు తగిలించి అప్పుడు దిగండి. ఎక్కేటప్పుడు టోపీలు, గాలిని ఆపే కోటు తీసి సంచిలో పెట్టుకోవడం కూడా ఇందుకే, చెమట తగ్గుతుంది. దిగేటప్పుడు కోటు తప్పకుండా వేసుకోవాలి, మోకాళ్ళు కప్పుకోవాలి, చెవులు మూసుకోవాలి. పాదాలకి వేడి వెళ్ళేది గుండె దగ్గర నుంచే, అక్కడ చలి వేస్తుంటే పాదానికి ఎన్ని చుట్టినా లాభం లేదు.

దారిలో వాగు అడ్డొస్తే వట్టికాళ్ళతో దాటొద్దు, రాళ్ళు పాచి పట్టి ఉంటాయి, గాజుపెంకులూ ఉంటాయి. సాక్సులూ ఇన్‌సోళ్ళూ తీసి సంచిలో పెట్టి, వట్టి బూట్లతో సైకిల్ నడిపించుకుంటూ దాటండి. అవతలి ఒడ్డున బూట్లు బోర్లించి దులిపి, లోపల తువ్వాలుతో ఒత్తి, పాదం తుడుచుకుని, పొడి ఇన్‌సోల్, పొడి సాక్సు వేసుకుంటే రెండు నిమిషాల్లో తేరుకుంటారు. బూటు ఇంకా చెమ్మగా ఉంటే సాక్సు మీద బ్రెడ్డు కవరు లాంటిది తొడిగి బూటు వేసుకోవచ్చు. అది గంట, గంటన్నర పాటు బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత లోపలి చెమటే తడి అవుతుంది, కాబట్టి ఇంటిదగ్గర్నుంచే అలా వేసుకుని రావద్దు.

ఇన్ని చేసినా ఒక్కోసారి వేళ్ళు మొద్దుబారతాయి. మా బృందంలో కుర్రాళ్ళు ఆ మాట చివరిదాకా చెప్పరు.

"అక్కా, ఎడమకాలి వేళ్ళు తెలియట్లేదు."

"ఎప్పట్నుంచి తమ్ముడూ?"

"ఇందాక మలుపుల దగ్గర్నుంచి."

అప్పుడు చేసే పని ఒక్కటే. సైకిల్ దిగి వంద, రెండొందల గజాలు నడవాలి. మునివేళ్ళ మీద లేస్తూ, కాలు ముందుకీ వెనక్కీ బాగా ఊపుతూ ఉంటే రక్తం కిందికి దిగుతుంది. అప్పటికీ తెలియకపోతే బూటు విప్పి, పాదాన్ని చేతుల మధ్య పట్టుకుని వేడి చెయ్యాలి. రుద్దొద్దు. చలిమంట ఎక్కడైనా కనిపిస్తుంది, ఆశగా కాళ్ళు దాని దగ్గర పెట్టొద్దు. మొద్దుబారిన చర్మానికి కాలుతున్నట్టు తెలియదు, బొబ్బ లేచాకే తెలుస్తుంది. వేడినీళ్ళ బకెట్ కూడా అంతే. షుగర్ ఉన్నవాళ్ళు అయితే మరీ జాగ్రత్త. పాదం స్పర్శ ముందే తగ్గి ఉంటుంది కాబట్టి నీళ్ళ వేడి పాదంతో చూసుకోకూడదు, మోచేత్తో చూసుకోవాలి, లేదా ఇంట్లో ఇంకొకరిని చూడమనాలి. గోరువెచ్చన మించకూడదు.

ఇంటికొచ్చాక బూట్లని మూలన పడెయ్యకండి. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే కొబ్బరి పీచుతో రుద్ది కడిగితే పోతుంది. ఎండితే జాలీలో గట్టిపడి, మళ్ళీ తడి తగలగానే నీళ్ళని పట్టి ఉంచుతుంది. తాళ్ళు వదులు చేసి, నాలుక పైకి లాగి, ఇన్‌సోల్ విడిగా తీసి నిలబెట్టండి. లోపల పాత పేపర్లు ఉండలు చేసి కుక్కి, గంటకి తీసి పొడివి పెడితే సగం తేమ అక్కడికే పోతుంది. ఆ తర్వాత ఫ్యాను కింద, లేదా ఫ్రిజ్ వేడి గాలి తగిలే చోట. పొయ్యి దగ్గర పెడితే అడుగు జిగురు వదిలేస్తుంది. రాత్రి అరుగు మీదో డాబా మీదో వదిలేస్తే మన మంచుకి తెల్లారేసరికి ఇంకా తడిసి ఉంటాయి. రోజూ తొక్కేవాళ్ళు రెండు జతల ఇన్‌సోళ్ళు పెట్టుకుంటే మార్చి మార్చి వాడుకోవచ్చు, అది పెద్ద ఖర్చు కాదు.

పాదాలు మామూలు నీళ్ళతో కడుక్కుని, మెత్తటి గుడ్డతో ప్రతి వేలి సందూ తుడవండి, ముఖ్యంగా చిటికెన వేలి పక్క సందు. అక్కడ చర్మం తెల్లగా నాని, పొరలూడి, సాయంత్రానికి దురద మొదలైతే అది చలి వల్ల కాదు, తడి వల్ల పట్టిన ఫంగస్. ఫంగస్ మందు పొడి రోజుకి రెండుసార్లు చల్లి, సాక్సులు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యండి. రెండు వారాల్లో తగ్గకపోయినా, ఎక్కడైనా పగిలి రసి కారుతున్నా దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో చూపించండి. షుగర్ ఉన్నవాళ్ళు రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే రండి.